వికాసం ఆకస్మికమా? మర్రివిత్తు సాక్షిగా యదృచ్ఛావాద ఖండనం

భాద్రపద బహుళం ప్రవేశించగానే చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల బీడుభూములు వర్ణం మారుస్తాయి. చిన్న మంగళారం వంటి గ్రామాల చెలకగట్ల మీద నిన్నటివరకు ఎవరి దృష్టికీ ఆనని తంగేడు పొదలు పసిడి గుత్తులతో నిండిపోతాయి. కలుపు మొక్కగా రైతు పీకి పారవేయగా మిగిలిన గునుగు, తెలుపూ గులాబీ కలిసిన కంకులతో గాలికి ఊగుతుంది. బతుకమ్మకు పూలు కోయడానికి బయలుదేరిన స్త్రీలు "రాత్రికి రాత్రే పూసినయి" అనుకుంటారు. ఆ మాటలో దోషం లేదు. అది ఆశ్చర్యం పలికే భాష. ఆశ్చర్యాన్ని ఖండించవలసిన అగత్యం శాస్త్రానికి ఏనాడూ కలుగలేదు.

దోషమల్లా ఆ ఆశ్చర్యాన్ని సిద్ధాంతపీఠం మీద కూర్చుండబెట్టేవారిది. వికాసం ఆకస్మికమనీ, పూర్వసంచయంతో దానికి సంబంధం లేదనీ, పురాతనం తొలగిపోయిన చోటనే నూతనం విచ్చుకుంటుందనీ ఒక వాదం నేడు ఆస్తికలోకంలో సైతం నిరాటంకంగా సంచరిస్తున్నది. వృక్షాలను నరికేవాడు దీనినే పలుకుతాడు, "ఒకటికి పది మొక్కలు నాటుతాం" అంటూ. కళను అంగడిసరుకుగా చూసేవాడు దీనినే పలుకుతాడు, "ప్రతిభ మెరుపు వంటిది, దానికి సాధనతో ఏమి పని" అంటూ. రెండు దినాల శిబిరంలో ఆత్మసాక్షాత్కారం వాగ్దానం చేసేవాడు పలికేదీ ఇదే. ముగ్గురి వేషాలూ వేరు, సిద్ధాంతం ఒక్కటే. దానికి మన శాస్త్రాలలో ప్రాచీనమైన నామధేయం ఉన్నది: యదృచ్ఛావాదం. శ్వేతాశ్వతరోపనిషత్తు ప్రథమాధ్యాయంలో జగత్కారణాన్ని విచారించే బ్రహ్మవాదులు కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛ, భూతాలు మొదలైనవాటిని వరుసగా ఎదుట నిలిపి, ఇవేవీ స్వతంత్రకారణాలు కాజాలవని పక్కకు నెడతారు. నాడు నెట్టివేయబడిన యదృచ్ఛ నేడు "నవోదయం" అన్న పేరుతో వెనుకద్వారం గుండా ప్రవేశించింది. అంతకుమించి ఇందులో క్రొత్తదేమీ లేదు.

ఈ వాదాన్ని పరీక్షించడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. హైదరాబాదు నుండి చేవెళ్ళ మీదుగా బిజాపూరు వైపు సాగే రహదారికి ఇరువైపులా నిజాం కాలంనాటి మర్రిచెట్లు నిలిచి ఉన్నాయి. అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల పొడవున ఇవి దాదాపు 900. మిట్టమధ్యాహ్నం ఆ ఛాయలో ప్రయాణించినవాడికి ఉపనిషద్విచారం కోసం గ్రంథం తెరవనవసరం లేదు. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కుమారుని చేత తెప్పించినది ఈ వృక్షపు ఫలాన్నే. పండును పగులగొట్టమన్నాడు. లోపల నలుసంత గింజలు కనిపించాయి. ఒక గింజను చిదపమన్నాడు. లోపల ఏమి కనిపించిందని అడిగితే, ఏమీ లేదన్నాడు శ్వేతకేతువు. ఏది నీకు కనిపించలేదో, ఆ అణిమ నుండే ఈ మహావృక్షం నిలిచి ఉన్నదని తండ్రి బోధించాడు. ఆ వెంటనే శ్రద్ధ వహించమన్నాడు. ఈ శ్రద్ధ అన్న పదాన్ని చాలామంది దాటవేస్తారు. కన్నుకు కనిపించనిదాన్ని "లేదు" అనకుండా నిలిపి ఉంచగల బుద్ధిస్థైర్యమే అక్కడ శ్రద్ధ. యదృచ్ఛావాదికి లోపించినది అదే. గింజలో చెట్టు కనిపించలేదు గనుక గింజలో చెట్టు లేదని అతని నిశ్చయం. అటుపై చెట్టు కనిపించినప్పుడు ఎక్కడి నుండో ఊడిపడిందనడం తప్ప అతనికి వేరు దారి లేదు.

ఉద్దాలకుడు మర్రినే ఎన్నుకోవడంలో మరొక సూక్ష్మం ఉన్నది. మర్రికి పూవు కనిపించదు. పుష్పం లేకుండానే ఫలించే వృక్షానికి అమరకోశం "వనస్పతి" అని పేరు పెట్టింది. నేటి వృక్షశాస్త్రం దానిని కాదనదు, ఇంకొంత లోతుకు తీసికొని వెళుతుంది. మర్రిపండు అని మనం పిలిచేది వాస్తవానికి లోపలికి ముడుచుకొన్న పుష్పగుచ్ఛం. వందలాది సూక్ష్మపుష్పాలు ఆ గోళం లోపలి గోడల మీద వికసిస్తాయి. అతిచిన్నదైన ఒక కందిరీగ జాతి సన్నని రంధ్రం గుండా లోనికి దూరి, పరాగాన్ని చేరవేసి, తరచుగా అక్కడనే ప్రాణం విడుస్తుంది. మర్రి పూయనిది కాదు. చూపరుల కోసం పూయనిది. ప్రదర్శనకు నోచుకొన్నదే వికాసమనుకొనే కాలానికి ఈ చెట్టు కంటె తీక్ష్ణమైన విమర్శ దొరకదు.

ఇక శాస్త్రంలోనికి పోదాం. కార్యం ఉత్పత్తికి పూర్వమే కారణంలో ఉన్నదని సాంఖ్యుల సత్కార్యవాదం. ఈశ్వరకృష్ణుడు తొమ్మిదవ కారికలో దీనికి అయిదు హేతువులు చెప్పాడు. వాటిలో మొదటి రెండూ పామరుడికి సైతం బోధపడతాయి: లేనిదానిని ఎవరూ పుట్టించలేరు, నూనె కావలసినవాడు నువ్వులనే తెచ్చుకొంటాడు గాని ఇసుకను తెచ్చుకోడు. నైయాయికులు దీనికి ఎదురు నిలిచారు. కుండ మట్టిలో ముందే ఉంటే కుమ్మరి ఎందుకు? నీళ్ళు ఆ మట్టిముద్దతోనే తెచ్చుకోరాదా? ఈ ప్రశ్న చులకనైనది కాదు. దీనికి సమాధానం చెప్పకుండా సత్కార్యవాదాన్ని ప్రవచనాలలో వల్లించేవారు సోమరులు. సమాధానం ఇది: కుమ్మరి వ్యాపారం అభివ్యక్తి కొరకు. చుట్టిపెట్టిన వస్త్రం పొడవెంతో వెడల్పెంతో తెలియదు, విప్పితే తెలుస్తుంది. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం ప్రథమపాదంలో సూత్రకారుడు వస్త్రాన్ని దృష్టాంతంగా చూపింది ఇందుకే, శంకరులు దానిని విప్పి చెప్పిందీ ఇందుకే. విప్పడం శ్రమ. విప్పితే గాని వస్త్రం కట్టుకోవడానికి పనికిరాదు. అయినా విప్పినవాడు నేసినవాడు కాడు.

ఆ అభివ్యక్తి సైతం ముందే ఉన్నదా, క్రొత్తగా వచ్చిందా అని నైయాయికుడు మళ్ళీ నిలదీస్తాడు. ముందే ఉంటే యత్నం వ్యర్థం, క్రొత్తదైతే అసత్కార్యం అంగీకరించినట్లే. ఇక్కడ సాంఖ్యుడు కొంత తడబడతాడన్నది నిజం. కారణమే సత్యమనీ, కార్యరూపం నామమాత్రమైన వాగాలంబనమనీ అద్వైతి చెప్పడం ఈ చిక్కుముడిని దాటడానికే. ఆ చర్చ ఇక్కడ విస్తరించనవసరం లేదు. నైయాయికుడైనా, సాంఖ్యుడైనా, వేదాంతియైనా ఒక్క విషయంలో ఏకకంఠులు: కారణం లేకుండా కార్యం లేదు. మనలో మనం ఎంతగా కలహించినా, యదృచ్ఛావాదికి ఏ దర్శనమూ ఆశ్రయం ఇవ్వలేదు.

అయితే ఆకస్మికమని తోచే అనుభవం మిథ్యయా? కాదు. అది అనుభవమే, దానికి వ్యాఖ్యానమే తప్పు. దీనిని అందరికంటె సునిశితంగా విప్పి చూపినవాడు వైయాకరణి భర్తృహరి. "స్ఫోటం" అన్న శబ్దం పుట్టిన ధాతువుకు వికసించడమనే అర్థం, మొగ్గ విచ్చుకోవడమన్నమాట. వాక్యం వింటున్నప్పుడు అర్థం ఒక్క క్షణంలో భాసిస్తుంది, ముక్కముక్కలుగా కాదు. అయితే ఆ క్షణం ఎలా సిద్ధించింది? వాక్యపదీయం ప్రథమకాండలో ఇచ్చిన వివరణ ప్రకారం, ముందు వచ్చిన ఒక్కొక్క ధ్వని బుద్ధిలో ఒక బీజాన్ని ఉంచిపోతుంది, ఆవృత్తి చేత బుద్ధి పరిపాకం చెందుతుంది, అంత్యధ్వనితో కూడా శబ్దస్వరూపం నిశ్చయమవుతుంది. చివరి ధ్వని వద్ద మెరుపు మెరిసింది గనుక మెరుపంతా చివరి ధ్వనిదేనని వాదించడం ఎటువంటిదంటే, పదవ ముద్దతో కడుపు నిండింది గనుక మొదటి తొమ్మిది ముద్దలూ వృథా అన్నట్టిది. నేటి నవోదయవాదమంతా ఈ పదవ ముద్ద తర్కమే.

మళ్ళీ రహదారికి వద్దాం. ఆ దారిని నాలుగు వరుసలుగా విస్తరించాలన్న ప్రణాళికతో మర్రుల మనుగడ వివాదంలో పడింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. ఆ ఇరుకు దారిలో మనుషులు మరణిస్తున్నారు. 2025 నవంబరులో మీర్జాగూడ వద్ద కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొన్న ఘోరం మరువదగినది కాదు. ఆ కుటుంబాల ఎదుట నిలబడి వృక్షస్తోత్రం చదవడం అమానుషం. విస్తరణ అక్కరలేదని ఈ ఖండనం చెప్పదు. అధికసంఖ్యలో చెట్లను ఉన్నచోటనే ఉంచి, దారిని మలచి, కొన్నిటిని మాత్రమే తరలించేలా ప్రణాళిక మారడం వివాదంలో మేలైన ఘట్టమే. ఖండించవలసినది విస్తరణను సమర్థించడానికి కొందరు ముందుకు తెచ్చిన తర్కాన్ని. "చెట్టు పోతే మొక్క వస్తుంది, ప్రకృతి నిత్యనూతనం" అని వారి మాట. ఇది వేదాంతం వలె వినిపిస్తుంది. అందువల్లనే ప్రమాదకరం.

నూరేళ్ళ మర్రి ఒక చెట్టు కాదు. దిగిన ప్రతి ఊడా ఒక కాండమై, ఆ కాండాల మధ్య పక్షులకూ గబ్బిలాలకూ కీటకాలకూ ఒక లోకమై ఉంటుంది. దాని పండు తిన్న పక్షి విత్తును ఎక్కడో పాతగోడ పగులులోనో, తాటిమట్ట సందులోనో విడుస్తుంది. అక్కడ మొలుస్తుంది మరో మర్రి. ఆ సంచయం ఉన్నంతకాలమే ఆ ప్రాంతంలో "క్రొత్త" మర్రి పుడుతుంది. సంచయాన్ని తుడిచివేసి, గుంతకొక మొక్క లెక్కన నాటి, దానికి పునరుజ్జీవమని పేరు పెడితే, అది చుట్టిన వస్త్రాన్ని కాల్చివేసి దారపుపోగును చేతికివ్వడం.

తరలించిన చెట్ల విషయంలో మరింత జాగరూకత అవసరం. కొమ్మలు నరికి, వేళ్ళు కోసి, వేరొకచోట పాతిన మర్రిమాను కొన్ని వారాలలో ఎర్రని చిగురు తొడుగుతుంది. వెంటనే ఛాయాచిత్రాలు వస్తాయి: "చూడండి, పునర్జన్మ!" కాని నరికి పడవేసిన మర్రికొమ్మ కూడా చిగురిస్తుందని పల్లెలో పశువుల కాపరికి తెలుసు. ఆ చిగురు మానులో పూర్వం దాచుకొన్న ఆహారపు ఖర్చు. క్రొత్త వేరు నేలను పట్టిందా లేదా అన్నది ఆ చిగురు చెప్పదు. నిల్వ తరిగిపోయి, వేరు పట్టకపోతే, చిగురించిన మానే రెండో వేసవికో మూడో వేసవికో మోడవుతుంది. ఈ దృష్టాంతం మీద సాధకుడు కొంతసేపు నిలువవలసి ఉన్నది. ఆకస్మికమైన చిగురు పునరుజ్జీవానికి లక్షణం కానక్కరలేదు. పూర్వసంచయాన్ని వ్యయం చేస్తున్న చిహ్నం కావచ్చు. వికాసానికీ వ్యయానికీ భేదం పైకి కనిపించదు. రెండూ పచ్చగానే ఉంటాయి.

కళారంగంలో దీనికి తెలుగువారికి తెలిసిన మహోదాహరణం తాళ్ళపాక అన్నమాచార్యులది. 1503లో పరమపదించిన ఆ వాగ్గేయకారుని సంకీర్తనలను కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలంలో రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరచారు. తరువాత లోకం మరచింది. 1922లో అవి మళ్ళీ వెలుగులోనికి వచ్చాయి. అనంతరం వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు వాటిని పరిష్కరించారు. రాళ్ళపల్లి కొన్నిటికి స్వరరచన చేశారు. శ్రీపాద పినాకపాణి, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు బాణీలు కూర్చారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించింది. ఒక తరం గడిచేలోగా అన్నమయ్య పదం వినిపించని తెలుగు లోగిలి లేదన్న స్థితి వచ్చింది. యదృచ్ఛావాదికి ఇది ఇష్టమైన దృశ్యమే: నాలుగు శతాబ్దాల నిశ్శబ్దం, హఠాత్తుగా వసంతం!

ఆ రేకులు లేకుంటే ఏ వసంతం? రాగి విలువైన లోహం. కరిగిస్తే పాత్రలవుతాయి. అర్థం చదివేవాడు లేకపోయినా ఆ బరువును మోసిన గదిది, ఆ గదిని ఖాళీ చేయించని ఆలయవ్యవస్థది ఇందులో ప్రథమభాగం. తాళ్ళపాక వంశీయులు స్వామి ఏకాంతసేవలో లాలి పాడే కైంకర్యం ఆగలేదన్నది ద్వితీయభాగం. కీర్తనలు వేలసంఖ్యలో మౌనం వహించిన రాత్రులలో కూడా ఆ సన్నని ఊడ నేలను వదలలేదు. ఇక రేకుల మీద రాగనామం ఉన్నది గాని స్వరలేఖనం లేదు. అందుచేత నేడు మనం వినే బాణీలు అధికభాగం ఇరవయ్యవ శతాబ్దానివి. శుద్ధతావాదులు దీనిని లోపంగా ఎంచుతారు. లోపమే అనుకొందాం, కాని రాగనామమనే బీజం, సంప్రదాయసంగీతంలో దశాబ్దాలు నలిగిన గాత్రమనే క్షేత్రం, ఈ రెండూ కలిసినచోట మొలిచినదానిని అప్రామాణికమనడం మర్రిచెట్టును చూసి "గింజలో ఈ ఆకు లేదే" అన్నట్లుంటుంది. ఆ బాణీలలో నిలిచినవీ ఉన్నాయి, నిలువనివీ ఉన్నాయి. ప్రాచీనపదానికి చలనచిత్రపు తాళం తగిలించి ఒక ఋతువు మారుమ్రోగించినవి రెండవ కోవకు చెందుతాయి. అవి రేకుల సంపదను ఖర్చు చేశాయి. దానికి ఏమీ చేర్చలేదు.

భావరంగంలో ఉదాహరణం ఈ మర్రుల నీడకు మరింత సమీపంలోనే ఉన్నది. మొయినాబాదు మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోనికి ఒక దళితభక్తుని తన భుజాల మీద మోసికొని వెళ్ళారు. మునివాహన సేవ అని దానికి పేరు. దేశమంతటా వార్త అయింది. రెండు కంఠాలు లేచాయి. ఒకటి "ఇది ఆధునికభావాల విజయం, సంప్రదాయంలో లేనిది" అని పొగిడింది. రెండవది "ఇది సంప్రదాయంలో లేనిది" అనే నిందించింది. పొగడ్తా నిందా ఒకే అజ్ఞానం మీద నిలబడడం చిత్రమే.

కావేరీతీరాన పాణర్ కులజుడైన తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజాలపై మోసి శ్రీరంగనాథుని సన్నిధికి చేర్చిన కథ శ్రీవైష్ణవ గురుపరంపర యావత్తూ ఎరుగును. ఆళ్వారు మీద రాయి విసరిన అపచారానికి ప్రాయశ్చిత్తంగా, స్వామి ఆజ్ఞ మేరకు ముని వాహనమైనాడని ఐతిహ్యం. ఆళ్వారు పాడిన పది పాశురాలకు వేదాంతదేశికులు రచించిన వ్యాఖ్యానం పేరే మునివాహనభోగం. బీజం అంత స్పష్టంగా ఉన్నది. కనుక నవ్యులకు చెప్పవలసినది, మీరు పూవును చూసి వేరును తిరస్కరిస్తున్నారని.

ప్రాచీనాభిమానులకు చెప్పవలసినది ఇంకా కటువుగా ఉంటుంది. "అంతా మన గ్రంథాలలో ముందే ఉన్నది" అని సత్కార్యవాదాన్ని కవచంగా ధరించి నిద్రించడం ఆస్తికలోకపు అతిపెద్ద వ్యాధి. ముందే ఉన్నదే, మరి ఇన్ని శతాబ్దాలు చుట్టచుట్టి అటక మీద ఎందుకు పెట్టారు? తిరుప్పాణాళ్వారు విగ్రహానికి ప్రతిదినం హారతి ఇస్తూ, ఆయన కులజులను ప్రాకారం వెలుపల నిలిపిన ఆలయాలు ఈ దేశంలో ఒకటీ రెండూ కావు. విత్తు ఉన్నదన్నది ఎంత సత్యమో, విత్తును ఎండబెట్టి భోషాణంలో దాచినది భక్తులేనన్నదీ అంతే సత్యం. కుమ్మరి వ్యాపారం లేకుండా మట్టి తనంతట కుండ కాదని అంగీకరించనివాడు సత్కార్యవాది కాడు, స్వభావవాది. శ్వేతాశ్వతరం యదృచ్ఛను త్రోసివేసిన చోటనే స్వభావాన్నీ త్రోసివేసింది. ఒక్క దినం భుజం మీద మోసి మరునాటి నుండి పూర్వస్థితికి తిరిగితే, ఆ సేవ కూడా నరికిన కొమ్మ మీది చిగురే అవుతుంది. ప్రాకారం వెలుపలివారికి లోపల నిత్యమైన చోటు ఏర్పడిందా అన్నదే అక్కడ ఊడ దిగడం.

చివరకు సాధకుల విషయం. సద్యోముక్తి వర్తకులను ఎదిరించగానే వారు ముందుకు తెచ్చే నామం ఒక్కటే: భగవాన్ రమణులు. 1896లో, పదహారేళ్ళ వయసున, మదురలో ఒక గదిలో మరణభయం కలిగి, కొద్దిసేపట్లో ఆత్మనిష్ఠ సిద్ధించింది కదా? శాస్త్రమూ లేదు, గురువూ లేడు, సాధనా లేదు! దీనికి సమాధానం రెండంచెలుగా ఉన్నది. మొదటిది, వామదేవునికి గర్భంలోనే జ్ఞానోదయమైన శ్రుతివృత్తాంతాన్ని ప్రస్తావిస్తూ శంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో చెప్పినది: పూర్వజన్మలో సంచితమైన సాధనం జన్మాంతరంలో జ్ఞానాన్ని ఇస్తుంది. భగవద్గీత ఆరవ అధ్యాయంలో యోగభ్రష్టుని గురించి భగవానుడు అర్జునునికి చెప్పినదీ అదే. పూర్వజన్మను నమ్మని శ్రోతకు ఇది చాలకపోవచ్చు; కాని రమణులను ఉదాహరించే ఆస్తికుడికి చాలాలి. రెండవది చరిత్ర. ఆ సెప్టెంబరు 1న అరుణాచలం చేరిన బాలుడు 1950లో దేహం విడిచేవరకు ఆ గిరిని వదలలేదు. ఆ ఒక్క ఘటనను చెప్పి, తరువాతి యాభై నాలుగేళ్ళను చెప్పకపోవడం వర్తకనీతి.

బొబ్బిలి ప్రాంతంలోని కలువరాయిలో జన్మించిన కావ్యకంఠ గణపతిముని 1907లో ఆ మౌనస్వామిని ఆశ్రయించినప్పుడు, సంవత్సరాల మంత్రజపం, అపారమైన శాస్త్రాధ్యయనం వెనుకనే ఉన్నాయి. ఇంత చేసినా తపస్సు అంటే ఏమిటో తెలియలేదని మొరపెట్టుకొన్నాడు. "నేను" అన్న స్ఫురణ ఎక్కడి నుండి బయలుదేరుతున్నదో గమనిస్తే మనస్సు అక్కడ లయిస్తుంది, అదే తపస్సని సమాధానం వచ్చింది. ఆ స్వామికి రమణమహర్షి అన్న నామం ప్రసిద్ధం చేసినవాడు ఈ తెలుగు కవియే. ఆ ఉపదేశం క్షణకాలం పట్టింది. దానిని అందుకోగల బుద్ధికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టాయి. భర్తృహరి చెప్పిన అంత్యధ్వని అది. కాశ్మీరశైవుల స్పందకారికలు "ఉన్మేషం" అన్న పదానికి ఇచ్చిన లక్షణం సైతం ఈ దిక్కునే చూపుతుంది: ఒక చింతలో నిమగ్నమైనవానికి మరొక చింత ఎక్కడి నుండి ఉదయిస్తుందో ఆ స్థానమే ఉన్మేషం, దానిని స్వయంగా పరిశీలించుకోవాలి. ఉదయించిన చింతకు కాదు, ఉదయస్థానానికి ఆ పేరు. కనురెప్ప విప్పడం ఉన్మేషమైతే, మూసిన కన్నులో సైతం చూపు ఉన్నదన్నమాట.

శ్వేతకేతువు పన్నెండేళ్ళ ప్రాయంలో గురుకులానికి వెళ్ళి, ఇరవైనాలుగేళ్ళకు వేదాలన్నీ చదివి, గర్వంతో తిరిగివచ్చాడు. అటువంటివానికి కూడా తండ్రి ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. నదులూ, ఉప్పునీరూ, మర్రిపండూ, కన్నులు కట్టివేయబడి అడవిలో విడువబడిన గాంధారదేశీయుడూ, ఇలా దృష్టాంతం వెనుక దృష్టాంతంగా మహావాక్యాన్ని తొమ్మిదిమార్లు ఆవర్తనం చేశాడు. శిబిరనిర్వాహకుడికి ఉద్దాలకుడు తటస్థపడితే, ఎనిమిది ఆవర్తనాలు కాలహరణమని తేల్చి ఉండేవాడు.

చిలుకూరులో హుండీ లేదు. కోరిక ఉన్నవాడు 11 ప్రదక్షిణలు చేస్తాడు. కోరిక ఈడేరినవాడు తిరిగివచ్చి 108 చేస్తాడు. విదేశయానపత్రం కోసం పదకొండు తిరిగిన యువకులను చూసి లోకం "వీసా బాలాజీ" అని నవ్వుతూ పేరుపెట్టింది. పదకొండు చుట్లకు ఫలం ఊడిపడుతుందన్నది ఆ నవ్వులోని యదృచ్ఛావాదం. ఆ విధిని ఏర్పరచిన బుద్ధి మాత్రం లెక్క తెలిసినది. పూవుకు ముందు పదకొండు, పూవు తరువాత నూట ఎనిమిది. కోరిక తీరినవాడికి ఇక అడగవలసినదేమీ లేదు. ఉదయం ఎండ ఇంకా ఎక్కకముందే, చేతిలో గడులు గీసిన అట్టముక్క పట్టుకొని, చుట్టుకొక గడి కొట్టుకుంటూ, గోవిందనామం పలుకుతూ తిరుగుతాడు. నలభైకి కాళ్ళు లాగుతాయి. డెబ్బైకి వచ్చేసరికి వీసా సంగతి మరుపున పడుతుంది.